కంచె నుంచి సీతారామం దాకా



తెలుగులో యుద్ధం సినిమాలు తక్కువ. యుద్ధకాలంలో నడిచే ప్రేమకథలు మరీ తక్కువ. అలాంటి వాటిలో రెండు మంచి సినిమాలు ఏడేళ్ళ తేడాతో వచ్చాయి. 2015 దసరా రోజున క్రిష్ జాగర్లమూడి తీసిన 'కంచె', 2022 ఆగస్టు 5న హను రాఘవపూడి తీసిన 'సీతారామం'. రెండింటినీ విమర్శకులు మెచ్చుకున్నారు. మొదటిదానికి మెప్పు వచ్చినంతగా డబ్బు రాలేదు. రెండోదానికి రెండూ వచ్చాయి. ఆ మెప్పులో విమర్శకులు ఏం చూశారు, ఏం పైపైన చూసి వదిలేశారు అన్నది ఈ పూట మీతో పంచుకోవాలని ఉంది.

నేను మనూరు మనిషిని. సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ దాటాక, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది మా మండలం. 1956 దాకా మా ఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు మమ్మల్ని మెదక్ జిల్లాలో కలిపారు. 2016లో సంగారెడ్డి జిల్లా అయ్యాం. మా సంతలో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినబడతాయి. పిల్లనివ్వడం, పిల్లను తెచ్చుకోవడం బీదరు వైపూ ఉంది. రాష్ట్రం సరిహద్దు దాటడానికి మాకు బస్సు టికెట్టు చాలు. దాటడం కష్టమైన గీతలన్నీ ఊరి లోపలే ఉన్నాయి. ఏ వాడవాళ్ళు ఏ బావి నీళ్ళు తోడాలి, ఎవరింటి పెళ్ళికి ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు ఎవరిని ప్రేమించకూడదు అన్నవి. ఈ రెండు సినిమాలనూ నేను ఆ కళ్ళతో చూశాను. అందుకే నాకు వాటిలో యుద్ధం కన్నా ఇల్లు ఎక్కువ కనబడింది.

ముందు సీతారామం సంగతి. రేడియో వినేవాళ్ళకు ఆ కథ ప్రత్యేకంగా దగ్గరవుతుంది, ఎందుకంటే దాన్ని కదిలించేది రేడియోయే. కాలం 1964. కాశ్మీరులో మద్రాస్ రెజిమెంటు లెఫ్టినెంట్ రామ్. ఆ పాత్ర దుల్కర్ సల్మాన్‌ది. తల్లి, తండ్రి, తోబుట్టువు ఎవరూ లేని అనాథ. ఆకాశవాణి తరఫున సైనికుల దగ్గరికి వచ్చిన విజయలక్ష్మికి, అంటే నటి రోహిణికి, ఆ విషయం తెలుస్తుంది. ఈ సైనికుడికి ఎవరూ లేరు, మీరు ఉత్తరాలు రాయండి అని ఆమె రేడియోలో శ్రోతలను అడుగుతుంది. దేశం నలుమూలల నుంచి ఉత్తరాలు వస్తాయి. ఒకరు అమ్మనంటారు, ఒకరు చెల్లినంటారు. వాటిలో ఒకటి భార్యనంటూ వస్తుంది. కింద సంతకం సీతామహాలక్ష్మి. పంపినవారి చిరునామా ఉండదు.

ఇది దర్శకుడి ఊహే గానీ గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. 1957లో మొదలైన వివిధభారతిలో సైనికుల కోసం 'జయమాల' అనే కార్యక్రమం ఏళ్ళ తరబడి నడిచింది. ఎక్కడో మంచుకొండల మీద ఉన్న సిపాయి పేరు, అతను కోరిన పాట దేశమంతా వినేది. సైన్యం తపాలా పద్ధతి కూడా ఈ కథకు సరిగ్గా అతికింది. సైనికుడికి ఉత్తరం రాస్తే పేరు, నంబరు, రెజిమెంటు రాసి కింద '56 ఏపీఓ' అనో '99 ఏపీఓ' అనో రాస్తారు. ఊరి పేరు ఉండదు. మనిషి ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్ళకు తెలియకుండానే జాబు చేరుతుంది. మామూలుగా ఆచూకీ తెలియకుండా ఉండేది సైనికుడిది. సీతారామంలో రాసే మనిషి ఆచూకీ తెలియదు, అందుకునే సైనికుడు ఆమె కోసం వెతుక్కుంటాడు. ఈ తిరగవేతలోనే కథ పట్టు ఉంది.

ఆ సీతామహాలక్ష్మి నిజానికి హైదరాబాద్ రాజవంశపు యువరాణి నూర్జహాన్. మృణాల్ ఠాకూర్‌కు ఇదే తొలి తెలుగు సినిమా. 1964లో యువరాణులేమిటి అనుకోనక్కర లేదు. సంస్థానాలు పోయినా బిరుదులు, రాజభరణాలు 1971లో రాజ్యాంగ సవరణ జరిగేదాకా ఉన్నాయి. ఆమె ఆ వైభవం వదిలి రామ్‌ను చేరుకుంటుంది. తరువాత రామ్, సాటి అధికారి విష్ణుశర్మ రహస్యంగా పాకిస్తాన్‌లోకి వెళ్తారు. మంటల్లో చిక్కుకున్న పసిపిల్లను కాపాడడానికి రామ్ వెనక్కి తిరుగుతాడు, ఇద్దరూ పట్టుబడతారు. బయటపెట్టకూడని సమాచారం బయటపెట్టింది ఒకరు, ద్రోహి అన్న ముద్ర పడింది ఇంకొకరి మీద. ఉరికి ముందు రామ్ రాసిన ఉత్తరం 20 ఏళ్ళు పాకిస్తాన్‌లో ఉండిపోతుంది. 1985లో లండన్ నుంచి వచ్చిన ఆఫ్రీన్ అనే పాకిస్తానీ అమ్మాయి, అదీ తాతగారి ఆస్తి కోసం తప్పనిసరై, ఆ ఉత్తరం పట్టుకుని హైదరాబాద్ వస్తుంది. రష్మిక మందన్న వేసిన పాత్ర అది. నాడు మంటల్లోంచి బయటపడ్డ పసిపిల్ల ఆమే.

ఆ కవరును కాసేపు చూడండి. పేరు సీతామహాలక్ష్మి. చిరునామా నూర్జహాన్ ప్యాలెస్, హైదరాబాద్. ఒక హిందూ పేరు, ఒక ముస్లిం పేరు ఒకే కాగితం మీద, ఒకే చేతిరాతలో. వాటి మధ్య గీత లేదు. చుక్క లేదు. సినిమా మొత్తం చెప్పిన మాట ఆ రెండు వరుసల్లో ఉంది. సమీక్షల్లో మాత్రం దీనికి దక్కిన చోటు చాలా తక్కువ.

ఇక్కడ చరిత్ర ఒకటి గుర్తు చేస్తాను. 1965 ఆగస్టులో పాకిస్తాన్ 'ఆపరేషన్ జిబ్రాల్టర్' పేరుతో మారువేషాల్లో మనుషులను కాశ్మీరులోకి పంపింది. కాశ్మీరీలు వాళ్ళతో కలిసి తిరగబడతారన్నది ఆశ. వాళ్ళు తిరగబడలేదు. మొహమ్మద్ దీన్ అనే గుజ్జర్ యువకుడు కొత్త మనుషులు తిరుగుతున్నారని మనవాళ్ళకు కబురందించాడు. ఆ తరువాతే పెద్ద యుద్ధం, సెప్టెంబర్ 23న కాల్పుల విరమణ, 1966 జనవరి 10న తాష్కెంట్ ఒప్పందం. సీతారామంలో సైన్యానికీ ఊరివాళ్ళకూ మధ్య చిచ్చు పెట్టే కుట్ర ఉంటుంది, దాన్ని మనుషుల మధ్య నమ్మకం ఆపుతుంది. పేర్లు, సంఘటనలు కల్పితమే. ఆ నమ్మకం మాత్రం కల్పన కాదు.

ఇక విమర్శకుల మాటకు వద్దాం. సీతారామం విడుదలైనప్పుడు తెలుగు పత్రికలూ ఇంగ్లీషు పత్రికలూ చాలావరకు ఒకే పాట పాడాయి. దుల్కర్, మృణాల్ జంట బాగుంది. పి.ఎస్. వినోద్, శ్రేయాస్ కృష్ణల ఛాయాగ్రహణంలో కాశ్మీరు మంచు, రైలు పెట్టె, హైదరాబాద్ మహలు అన్నీ చూడముచ్చటగా ఉన్నాయి. విశాల్ చంద్రశేఖర్ సంగీతం గుండెను తాకింది. ఇవన్నీ నిజాలే. 2021 నవంబర్ 30న కన్నుమూసిన సిరివెన్నెల సీతారామశాస్త్రి గారి పాట కూడా ఇందులో ఉంది. ఆయన వెళ్ళిపోయాక వచ్చిన ఆ పాటకు ఫిల్మ్‌ఫేర్ వారు ఉత్తమ గీత రచయితగా ఆయనకే బహుమతి ఇచ్చారు. విమర్శకుల ఎంపికలో ఉత్తమ చిత్రం, ఉత్తమ నటుడు కూడా సీతారామానికే దక్కాయి. 2023లో మెల్‌బోర్న్ భారతీయ చలనచిత్రోత్సవంలో ఉత్తమ చిత్రంగా నిలిచింది.

తప్పులు కూడా పట్టారు. మొదటి సగం నెమ్మది అన్నారు. రెండు గంటల నలభై నిమిషాలు దాటిన నిడివి ఎక్కువ అన్నారు. ఆఫ్రీన్ పాత్ర మొదట్లో మోటుగా ఉంది, ఆమె మారడం తొందరగా జరిగింది అన్నారు. హను పాత సినిమాలు 'అందాల రాక్షసి' నుంచి 'పడి పడి లేచె మనసు' దాకా ఒక ఫిర్యాదు ఉండేది: మొదలు బాగా పెడతాడు, రెండో సగంలో పట్టు జారుతుంది అని. సీతారామంలో అది తలకిందులైంది. రెండో సగమే గట్టిగా ఉందని దాదాపు అందరూ ఒప్పుకున్నారు.

ఆఫ్రీన్ విషయంలో విమర్శకులతో నేను ఏకీభవిస్తాను. ఆమెలోని ద్వేషం ఎక్కడి నుంచి వచ్చిందో ఇంకో రెండు సన్నివేశాల్లో చూపించి ఉంటే, అది కరిగినప్పుడు మనకూ ఇంకాస్త బరువు తెలిసేది. నెమ్మది అన్న ఫిర్యాదును మాత్రం ఒప్పుకోలేను. అది ఉత్తరాల కథ. ఉత్తరం అంటే ఎదురుచూపు. రామ్‌కు ఒక జాబు అందినాక మరో జాబు వచ్చేదాకా ప్రేక్షకుడు కూడా కూర్చోవాలి. ఆ ఎదురుచూపు మనలో పేరుకోకపోతే, 20 ఏళ్ళ తరువాత చేరిన ఆఖరి ఉత్తరం మన మీద ఏ పనీ చేయదు. రెండో సగాన్ని మెచ్చుకున్నవాళ్ళు, దానికి ఆ బలం మొదటి సగం నుంచే వచ్చిందని గుర్తించాల్సింది. చెరకు నరకడానికి పొరుగు రాష్ట్రం పోయినవాళ్ళ కోసం, గల్ఫ్‌కు పోయినవాళ్ళ కోసం నెలల తరబడి చూసిన ఇళ్ళు మా దిక్కు ఎన్నో. ఆ ఇళ్ళలో ఈ సినిమా నెమ్మది అని ఎవరూ అనలేదు.

గల్ఫ్ అన్నాను కాబట్టి ఇంకొక మాట. మతపరమైన మనోభావాలు దెబ్బతింటాయన్న కారణంతో గల్ఫ్ దేశాల్లో ఈ సినిమా మొదట ఆగిపోయింది. కొద్ది రోజుల్లో యూఏఈలో అనుమతి దొరికింది. సినిమా చూస్తే ఆ అనుమానం ఎంత తొందరపాటో తెలుస్తుంది. శత్రుదేశపు అధికారి, ఆఫ్రీన్ తాత తారిఖ్ ఆ ఉత్తరాన్ని ఆఖరిదాకా భద్రంగా దాచి, తాను పోయాక కూడా అది చేరాలని మనవరాలి మీద బాధ్యత పెట్టాడు. ఇటువైపు పట్టుబడ్డ మనిషి మాట ఆ వైపు మనిషి నిలబెట్టాడు. సచిన్ ఖేడేకర్ వేసిన ఆ పాత్ర గురించి సమీక్షల్లో ఒకటి రెండు వాక్యాలకు మించి లేవు. నా దృష్టిలో కథకు వెన్నుపూస ఆయనే.

ఇప్పుడు ఏడేళ్ళు వెనక్కి, 'కంచె' దగ్గరికి. రెండో ప్రపంచయుద్ధం నేపథ్యంగా తెలుగులో ఇలాంటి ప్రయత్నం అంతకుముందు జరగలేదు. దూపాటి హరిబాబు, రాచకొండ సీత మద్రాసులో చదువుకుంటూ ప్రేమించుకుంటారు. ఊరు దేవరకొండ. అతనిది తక్కువగా చూసే కులం, ఆమెది జమీందారీ కుటుంబం. ఆమె అన్న ఈశ్వరప్రసాద్ ఒప్పుకోడు. పగ పెరిగి ఊరి మధ్య నిజంగానే కంచె కడతారు. సీత చనిపోతుంది. ఆ తరువాత హరిబాబు, ఈశ్వర్ ఇద్దరూ బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఇటలీ యుద్ధరంగంలో ఎదురుపడతారు. హరిబాబు సీతకు ఉత్తరాలు రాస్తూనే ఉంటాడు. అందుకునే మనిషి లేదని అతనికి తెలుసు.

వరుణ్ తేజ్‌కు అది రెండో సినిమా. ప్రగ్యా జైస్వాల్ సీత, నికితిన్ ధీర్ ఈశ్వర్. యుద్ధభాగం జార్జియాలో తీశారు. చారిత్రకంగా కథకు గట్టి నేల ఉంది. 1943, 44 సంవత్సరాల్లో ఇటలీలో భారత సైన్యం 4వ, 8వ, 10వ డివిజన్లు పోరాడాయి. మోంటే కాసినో కొండ దగ్గర మనవాళ్ళు వందల్లో పోయారు. ఆ రంగంలో ఇచ్చిన 20 విక్టోరియా క్రాసుల్లో 6 భారతీయులకు దక్కాయి. ఇంత జరిగినా మన పాఠ్యపుస్తకాల్లో ఆ యుద్ధం పరాయివాళ్ళ యుద్ధంగానే మిగిలింది. దాన్ని తెలుగు తెరమీదికి తెచ్చినందుకు విమర్శకులు క్రిష్‌ను నిండు మనసుతో అభినందించారు. సాయిమాధవ్ బుర్రా మాటలు, జ్ఞానశేఖర్ ఛాయాగ్రహణం, సిరివెన్నెల పాటలు మెచ్చుకోని సమీక్ష అరుదు. 63వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. ఆ ఏడాదే 'బాహుబలి' దేశంలోనే ఉత్తమ చిత్రమైంది. ఆ హోరులో కంచెకు వచ్చిన పురస్కారం చాలామంది చెవిన పడలేదు.

అభ్యంతరాలూ వచ్చాయి. యుద్ధం ఒక చోట, ఊరు ఒక చోట, కథ మాటిమాటికీ అటూ ఇటూ వెళ్తుంటే మనసు నిలవడం లేదన్నారు. యుద్ధ సన్నివేశాల్లో ఖర్చు చాలని సంగతి తెలుస్తోందన్నారు. రెండో మాటలో కొంత నిజం ఉంది. ట్యాంకులు వచ్చే చోట కెమెరా ఇరుకులో తిరుగుతుంది. మొదటి మాట దగ్గరే నాకు పేచీ. అటూ ఇటూ వెళ్ళడమే ఆ సినిమా ఆలోచన. యూదు రక్తం ఉందని ఒక పసిపాపను చంపాలని చూసే జర్మన్ సైనికుడు, కులం వేరని చెల్లెలి ప్రేమను తొక్కేసే అన్న, ఇద్దరూ ఒకే జబ్బు మనుషులని క్రిష్ పక్కపక్కన పెట్టి చూపించాడు. యూరప్‌లో ఆ జబ్బును ఎదుర్కోవడానికి తుపాకీ పట్టిన ఈశ్వర్, తన ఊళ్ళో అదే జబ్బుకు కంచె కట్టినవాడు. ఈ మాట సూటిగా చెప్పడానికి ఏ తెలుగు దర్శకుడైనా జంకుతాడు. క్రిష్ జంకలేదు. యుద్ధాన్నీ ఊరినీ విడదీసి, దేనికెన్ని మార్కులని లెక్కవేసిన సమీక్షలు ఆ ధైర్యానికి న్యాయం చేయలేదు.

అందుకే రెండింటినీ పక్కన పెట్టి చూస్తే నా తూకం ఇలా ఉంటుంది. మనసును కరిగించడంలో సీతారామం ముందుంటుంది. అక్కడ మతాల మధ్య గోడ ఉంది, కానీ రాముడూ సీతా ఆ గోడ దగ్గర ఎక్కువసేపు నిలబడరు, ప్రేమ వాళ్ళను దాటించేస్తుంది. నూర్జహాన్ కుటుంబంతో పడిన ఘర్షణ ఇంకా లోతుగా చూపించవచ్చు. కంచెలో గోడ పేరు పెట్టి పిలిచారు, అది కట్టినవాడి ముఖం చూపించారు, వాడు మారడానికి ఎంత ఖరీదు పడిందో చూపించారు. చూసేవాడికి అది సుఖంగా ఉండదు. జనం ఆ సినిమాకు తక్కువగా వెళ్ళడానికి అదొక కారణమని నా నమ్మకం. పండుగ పూట కుటుంబంతో హాలుకు వెళ్ళినవాడు తన ఊరి కంచెను తెరమీద చూడాలనుకోడు.

ప్రపంచంలోనూ ఇలాంటి సినిమాలకు ఇంటి దగ్గర ఒక తీర్పు, బయట ఒక తీర్పు వచ్చిన సందర్భాలున్నాయి. 1957లో సోవియట్ దర్శకుడు మిఖాయిల్ కలతోజోవ్ తీసిన 'ది క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్' మరుసటి ఏడాది కేన్స్‌లో అత్యున్నత బహుమతి గెలిచింది. ప్రియుడు యుద్ధంలో ఉండగా నాయిక మరొకరిని పెళ్ళాడటం మాత్రం స్వదేశంలో కొందరు పెద్దలకు మింగుడు పడలేదు. మన దగ్గర చంద్రధర శర్మ గులేరీ 1915లోనే హిందీలో యుద్ధకాలపు ప్రేమకథ 'ఉస్నే కహా థా' రాశారు. అది 1960లో సినిమాగా వచ్చింది. తెలుగు వెండితెర ఆ దారిలోకి చాలా ఆలస్యంగా అడుగుపెట్టింది.

ఆలస్యంగానైనా గుర్తింపు దక్కింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట సినిమా పురస్కారాలు ప్రకటిస్తూ, 2014 నుంచి 2023 దాకా ఏడాదికి మూడు ఉత్తమ చిత్రాలను ఎంపిక చేసింది. 2015కు రెండో ఉత్తమ చిత్రం కంచె. 2022కు మొదటి ఉత్తమ చిత్రం సీతారామం.

మన నేలకు సంబంధించిన కథ ఒకటి ఇంకా మిగిలే ఉంది. 1941 డిసెంబర్ 8న, పెర్ల్ హార్బర్ మీద దాడికన్నా కాస్త ముందే, జపాన్ సేనలు మలయాలోని కోట బారు తీరంలో దిగాయి. అక్కడి విమాన క్షేత్రం కాపలాలో ఉన్నది హైదరాబాద్ సంస్థానపు మొదటి పదాతి దళం. దాని దళపతి లెఫ్టినెంట్ కల్నల్ హెండ్రిక్స్ అక్కడే ప్రాణం విడిచాడు. రెండు నెలలకు, 1942 ఫిబ్రవరి 15న, సింగపూర్ లొంగిపోయింది. వేలాది భారత సైనికులు బందీలయ్యారు. అప్పటి హైదరాబాద్ సంస్థానంలో బీదరు జిల్లా ఉంది, అందులో మా ఖేడ్ తాలూకా ఉంది. నిజాం సైన్యంలో పనిచేసిన సిపాయిల కోసం ఇళ్ళలో ఎవరు ఎదురుచూశారో, ఎవరికి జాబు వచ్చిందో, ఎవరికి రాలేదో ఏ తెలుగు సినిమా అడగలేదు. దర్శకులెవరైనా ఈ మాట వింటుంటే, ఆ కథను కోట బారు తీరం నుంచి కాకుండా ఆ సిపాయిల ఇళ్ళ నుంచి మొదలుపెట్టమని నా విన్నపం. సినిమా వచ్చిన రోజున సమీక్ష రాసేవాళ్ళు కూడా ముందు ఆ ఇళ్ళ గురించే రాయాలని కోరుకుంటున్నాను.